వందకి రెండు తక్కువ

లిఫ్టాయన ఇంట్లో వంటింటి తలుపు పక్కన ఒక క్యాలెండర్ వేలాడుతుంటుంది. దాంట్లో ఆ నెల ముప్ఫయ్యో తారీఖు చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. చుట్టింది ఆయన కాదు, వాళ్ళావిడ. ఆవిడ టైలరు. ఆవిడ గీత గీసిందంటే తర్వాత పడేది కత్తెరే.

ఇవాళ ఇరవై ఏడు, ఆదివారం. సాయంత్రం నాలుగింటికి మనవాడు, శనివారాలు బ్యాండు వాయించే హాల్లో, ఆ బ్యాండు వాళ్ళ ముందు కూర్చుని మంద్రంగా మోగే నాలుగు తీగల బాస్ గిటార్ వాయించి చూపించాలి. వాళ్ళు సరేనంటే ఆ సున్నా గండం గడిచినట్టే. కాదంటే గిటారు గడప దాటాలి, మళ్ళీ జన్మలో ఆ ఊసెత్తకూడదు. పొద్దుటి నుంచి చొక్కా మూడుసార్లు మార్చాడు. ఆయనకి ఉన్నవే మూడు చొక్కాలు.

అసలు ఆ మనిషికి ఈ పిచ్చి పట్టిందే గోతిలో. లిఫ్టు కింద గొయ్యి ఉంటుంది చూడండి, అందులో. ఊళ్ళో సగం లిఫ్టులు ఆయన చేతి మీదే నడుస్తాయి. రెండేళ్ళ కిందట ఒక శనివారం సాయంత్రం ఆ హాలున్న బిల్డింగులోనే గోతిలో దిగి గ్రీజు పెడుతున్నాడట. గోడకి అవతల బ్యాండు మొదలైంది. పాట ఇటు రాలేదు, పియానో రాలేదు, గోడ అన్నిటినీ మింగేసింది. ఒక్క బాస్ మోత మాత్రం గోడలోంచి నడుచుకుంటూ వచ్చి ఈయన మోకాళ్ళలో కూర్చుంది. గ్రీజు డబ్బా చేత్తో పట్టుకుని గంటసేపు బొమ్మలా నిలబడిపోయాడు. పైన ఐదో అంతస్తులో ఎవరో బటన్ నొక్కి నొక్కి వేలు అరగదీసుకున్నారు. తర్వాత ఎప్పుడో ఎవరో ఆ పాట మొత్తం వినిపిస్తే, బాగానే ఉంది గానీ పైన ఆ అరుపులన్నీ దేనికి అన్నాడట. అదీ ఆయన సంగతి.

ఆ తర్వాత ఏడాది పాటు వెతికి వెతికి, ఊరు మారిపోతున్న వాళ్ళెవరి దగ్గరో ఒక పాత బాస్ గిటార్ పట్టాడు. దాంతో పాటు కుక్కర్ అంత ఆంప్లిఫయరూ, ఒక పుస్తకమూ వచ్చాయి. మొదటి పాఠం నుంచి చివరిదాకా బాస్ నేర్పించే పుస్తకం. అట్ట వెనక క్యాసెట్ పెట్టుకునే సంచీ ఉంది, క్యాసెట్ మాత్రం లేదు. అప్పట్లో ఇప్పట్లా ఫోన్లో మీట నొక్కితే శృతి చూపించే సోకులు లేవు కదా. ఆ క్యాసెట్ లేకపోవడమే కొంప ముంచింది, కాకపోతే మునిగే కొంపలో ఉన్నవాడికి ఆ సంగతి తెలీలేదు.

గిటారు పెట్టె ఇంట్లోకి తెచ్చిన రోజు ఆయన భార్యతో "నాకో గది కావాలి" అన్నాడు. పదిహేడేళ్ళ కాపురంలో ఆయన నోరు తెరిచి అడిగింది అదే మొదటిసారి. కంచంలో ఉప్పు లేకపోయినా అడిగే మనిషి కాదు. ఇంట్లో ఉన్నవి రెండే గదులు. చిన్న గదిలో ఆవిడ కుట్టు మిషను. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది ఆవిడ, నీలం గుడ్డ తాన్లు తాన్లు ఆ గదిలోనే ఉండేవి.

ఆవిడ ఆయన్ని కింది నుంచి పైకి ఒకసారి కొలిచింది. తర్వాత చెప్పేసింది.

"ఏడాది. ఈలోపల ఎవరైనా మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాయించనిస్తే గది మీదే. లేదంటే పెట్టె బయటికి, మిషను లోపలికి."

అలా మిషను బాల్కనీలోకి వెళ్ళింది. ఏడాది పాటు ఆవిడ ఎండకి ఒకవైపు, వానకి ఇంకోవైపు జరుగుతూ కుట్టింది. నడుం పట్టేసేది. గొణిగిందా అంటే, ఒక్కసారీ గొణగలేదు. గొణిగినా బాగుండేది. ఆవిడ ఆ మిషను తొక్కే తొక్కుడులోనే అన్ని మాటలూ ఉండేవి, గోడవతల కూర్చున్న ఆయనకి అవన్నీ అర్థమయ్యేవి.

ఇక ఈయన నేర్చుకోవడం చూడాలి. జనం పాటలు నేర్చుకుంటారు, ఈయన పుస్తకాన్ని రిపేరు చేసినట్టు నేర్చుకున్నాడు. లిఫ్టు మాన్యువల్ ఎలా చదువుతాడో అలాగే, ఒక్క గీత వదిలితే మనిషి చచ్చిపోతాడన్నట్టు. కుడిచేతి మొదటి రెండు వేళ్ళూ మనిషి నడిచినట్టు ఒకదాని తర్వాత ఒకటి పడాలని పుస్తకం అంటే, బస్సులో కూర్చున్నా తొడ మీద ఆ రెండు వేళ్ళూ నడుస్తూనే ఉండేవి. పక్కన కూర్చున్న వాళ్ళు లేచి వేరే సీటు చూసుకునేవాళ్ళు. మీటిన వేలు పక్క తీగ మీద ఆనాలంటే ఆనాల్సిందే. ఒక పాఠం తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వస్తేనే పేజీ తిప్పాలని రాసుంది. మూడోసారి చివర్లో తప్పు పడితే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పదకొండో పాఠం దగ్గర ఐదు వారాలు ఆగిపోయాడు. ఆ పదకొండో పాఠం పై వాటా వాళ్ళకి కూడా నోటికి వచ్చేసింది, వాళ్ళ గ్లాసులు అలమరలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపురం మార్చాయి.

పాఠం అయ్యాక ఆ పేజీ అంచున తారీఖు వేసి సంతకం పెట్టేవాడు, లిఫ్టు లోపల తనిఖీ కార్డు మీద పెట్టినట్టు. తాళం తప్పకుండా టిక్కు టిక్కుమనే యంత్రం ఒకటి పెట్టుకోమంది పుస్తకం. పాత లిఫ్టు తలుపుల టైమరు ఒకటి విప్పి తానే చేసుకున్నాడు. ఏనుగు వచ్చి మీద కూర్చున్నా దాని టిక్కు తప్పదు. ఎడమచేతి వేళ్ళ కొసలు మొదట బొబ్బలెక్కాయి, తర్వాత చెప్పు అడుగులా తయారయ్యాయి. వేడి గిన్నె గుడ్డ లేకుండా దించేవాడు.

అన్నీ పుస్తకం చెప్పినట్టే చేశాడు. ఒక్క శృతి దగ్గర మాత్రం సొంత తెలివి వాడాడు.

శృతి కోసం క్యాసెట్‌లో మొదటి స్వరం వినమంటుంది పుస్తకం. క్యాసెట్ లేదు కదా. చివరి పేజీల్లో వెతికితే చిన్న పట్టిక కనిపించింది. ఏ తీగ సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో అందులో ఉంది. అన్నిటికన్నా సన్న తీగకి తొంభై ఎనిమిది. మనవాడు తొడ చరుచుకున్నాడు. కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది, ట్యూబ్‌లైటు చోక్ దానికి రెట్టింపు, వందసార్లు గుయ్యిమంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ గుయ్యి వింటూ బతుకుతున్నవాడు. తొంభై ఎనిమిదికీ వందకీ మధ్యలో రెండేగా అనుకున్నాడు. రెండువందల ఇరవై వోల్టులు రావాల్సిన లైనులో రెండువందల పద్దెనిమిది వచ్చినా లిఫ్టు శుభ్రంగా ఎక్కుతుంది, దిగుతుంది. ఆయన వృత్తిలో రెంటికి విలువే లేదు.

చిన్న గదిలో ట్యూబ్‌లైటు చోక్ ఎప్పుడూ జోరీగలా మోగుతుండేది. రోజూ పొద్దున్నే లైటు వేసి, సన్న తీగని ఆ మోతకి కలిపేవాడు. మిగతా మూడు తీగల్నీ దాన్ని బట్టి ఒకదానికొకటి సరిచేసేవాడు. అవి నాలుగూ తమలో తాము అన్నదమ్ముల్లా కలిసిపోయేవి. గదిలో వినడానికి ఏ లోటూ లేదు.

వాళ్ళావిడ తమ్ముడు ఒకడున్నాడు, బేకరీలో పిండి కలుపుతాడు. శనివారాలు ఆ హాలు బ్యాండులో డ్రమ్ము వాయిస్తాడు. బావని ఏడిపించడమంటే వాడికి పండగ. మొదట్లో వచ్చినప్పుడల్లా, బావా నీ గిటారు ఏ అంతస్తు దాకా వచ్చింది, తలుపు తెరుచుకుంటోందా అని అడిగేవాడు. ఒకసారి సరదాకి రేకు డబ్బా ఒకటి ముందు పెట్టుకుని బావతో పాటు వాయించాడు. పది నిమిషాలకి వాడి నవ్వు ఆగిపోయింది. తాళం గింజంత కూడా జరగట్లేదు. మళ్ళీ వారం వచ్చాడు, మళ్ళీ అంతే. రేకు డబ్బాకి శృతెక్కడిది పాపం, దానికి తెలిసింది తాళమే. వాడు వెళ్ళి బ్యాండులో, మా బావ గడియారం లాంటి మనిషని గొప్పలు చెప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆ బ్యాండులో బాస్ వాయించే పెద్దాయనకి ఇంకో ఊరికి బదిలీ అయింది. బ్యాండుని నడిపేది పియానో టీచరమ్మ. ఆవిడ ఒక మాట అనదు, అంటే తిరగదు. ఆదివారం నాలుగింటికి మీ బావని రమ్మను, ఐదున్నరకి ఇన్సూరెన్సాయన ఒకాయన వస్తానన్నాడు, ఇద్దరినీ విని చూస్తానంది. ఆ ఇన్సూరెన్సాయన పదేళ్ళుగా వాయిస్తున్నాడట. ఆ ముక్క బావమరిది బావకి చెప్పలేదు, అక్కకి చెప్పాడు. అక్క చెప్పకుండా ఉంటుందా, వెంటనే మొగుడికి చెప్పేసింది.

మూడున్నరకి ముగ్గురూ బయల్దేరారు. గిటారు ఆయన, ఆంప్లిఫయరు బావమరిది, పుస్తకం ఆవిడ. నువ్వెందుకూ అని ఆయన నసిగాడు గానీ, తేలేది నా గది సంగతి, నా కళ్ళతో చూసుకోవాలంది. వీధిలో వీళ్ళ నడక చూసి ఎవరో ఆస్పత్రికి వెళ్తున్నారనుకున్నారట.

హాలు ఖాళీగా ఉంది. కుర్చీలు గోడకి పేర్చి ఉన్నాయి. పియానో ముందు టీచరమ్మ. కిటికీ దగ్గర పాట పాడే పళ్ళ డాక్టరు. వారమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించి, శనివారం తన నోరు తెరుస్తాడు ఆయన. ఒక కాగితం లిఫ్టాయన ముందు స్టాండు మీద పెట్టింది టీచరమ్మ. గడులు గడులుగా స్వరాలు రాసి ఉన్నాయి. చూడగానే ఆయనకి కొంచెం ఊపిరాడింది, ముప్ఫయ్యో పాఠం కన్నా తేలిక. ఆవిడ తల ఊపింది. బావమరిది నాలుగు లెక్కపెట్టాడు.

నాలుగు గడులు కూడా దాటలేదు. పాలకుండలో నిమ్మకాయ పిండినట్టు హాలంతా విరిగిపోయింది. ఆయన సరిగ్గానే వాయిస్తున్నాడు, వేళ్ళు సరిగ్గానే పడుతున్నాయి, కానీ వచ్చేది వేరే ఏదో. డాక్టరు పాట మింగేసి దవడ పట్టుకున్నాడు.

టీచరమ్మ మళ్ళీ అంది. మళ్ళీ అదే. ఈసారి డాక్టరు, మత్తు ఇవ్వకుండా పన్ను పీకుతుంటే ఇలాగే ఉంటుందని నా పేషంట్లు చెబుతుంటారన్నాడు. బావమరిది చేతిలో కర్రలు రెండూ బరువెక్కిపోయాయి, తల ఎత్తట్లేదు.

"శృతి పైకి ఉంది మీది" అంది టీచరమ్మ. "కొంచెం దించండి."

ఇక్కడ చూడాలి మనవాడి మూర్ఖత్వం. సరేనని ఊరుకుని తీగ బిగించే బిరడా తిప్పితే పోయేది. ఏడాది పొడుగునా, రోజూ పొద్దున్నే, లైటు వేసి మరీ కలిపిన శృతి అది. దాన్ని తప్పంటే ఆయనకి తను పుట్టిన తారీఖు తప్పన్నట్టు ఉంది.

"నా శృతి తప్పదండి. నేను కరెంటుకి కలిపాను" అన్నాడు. "పియానోనే చూపించుకోండి."

ఆ పియానో టీచరమ్మకి కన్నబిడ్డ లాంటిది. పదిహేను రోజుల కిందటే పక్క ఊరి నుంచి మనిషిని పిలిపించి శృతి చేయించింది. దాని మీద ఎవరైనా టీ గ్లాసు పెడితేనే మూడు నెలలు మాట్లాడదు. ఆవిడ మెల్లిగా పియానో మూత మీద చెయ్యి వేసింది. ఇంకా మూయలేదు, వేసిందంతే.

బావమరిది లేచి, బావా ఊరుకో, టీచరుగారు ఇరవయ్యేళ్ళుగా వాయిస్తున్నారని బతిమాలాడు. ఈయన ఊరుకుంటే కదా. కరెంటు అబద్ధం చెప్పదని, చోక్ సెకనుకి వందసార్లు మోగుతుందని, ఎవరూ అడగకుండానే మొత్తం విప్పి చెప్పేశాడు. పుస్తకంలో ఉన్నది వందకి రెండు తక్కువ, రెంటికేముందండీ అని కూడా అన్నాడు. మాట్లాడే కొద్దీ చెమటలు, మాట్లాడే కొద్దీ గొంతు పెరగడం. తన కాళ్ళ కింద గొయ్యి తనే లోతు చేసుకుంటున్నాడని డ్రమ్ముకి కూడా తెలుస్తోంది. టీచరమ్మ గోడ గడియారం కేసి చూసింది. ఐదు కావడానికి పది నిమిషాలుంది.

"మీరు బాగా కష్టపడ్డారు, కనిపిస్తోంది" అంది. "కానీ అందరూ మీకు కలవాలంటే కుదరదు కదా."

అదే వెళ్ళిరండి అనే మాట. గోడ దగ్గర కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది, ఒళ్ళో పుస్తకం. ఆవిడకి కావాల్సింది ఇదే కదా అనుకుంటారు మీరు. చిన్న గది తిరిగొచ్చేస్తుంది, నడుం బాగుపడుతుంది, నోరు మూసుకుని ఇంటికి నడిస్తే చాలు. ఆవిడ లేచి నిలబడింది. బావమరిది ఆంప్లిఫయరు వైరు పీకబోయాడు. ఆవిడ తమ్ముణ్ణి ఒక్క చూపు చూసింది, వాడి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆవిడ మొగుడి దగ్గరికి వచ్చి, బాల్కనీలో నీలం గుడ్డ కత్తిరించేటప్పుడు ఎలా ఉంటుందో అలాంటి మొహంతో అంది.

"సాగిపోయిన టేపుతో కొలిచి కుట్టాననుకోండి. జేబు చొక్కాకి సరిపోతుంది, కాలరూ సరిపోతుంది. మనిషికి మాత్రం సరిపోదు. మీ నాలుగు తీగలూ ఒకదానికొకటి సరిపోయాయి, అంతే. ఎంత తేడా ఉందో కొలవండి ముందు. కొలవకుండా పోట్లాడతారేంటి?"

కొలవడమనే మాట చెవిన పడగానే ఆయనలో మెకానిక్కు లేచాడు. పోట్లాడే మనిషి పక్కకి తప్పుకున్నాడు. తల గోక్కుని, టీచరమ్మ కళ్ళలోకి చూడకుండానే, తన సన్న తీగ స్వరం ఏదో అది ఒక్కటీ నొక్కి పట్టుకోమని అడిగాడు. ఆవిడ ఒక క్షణం కదల్లేదు. ఆ క్షణం లిఫ్టాయనకి ఎంత పొడుగ్గా ఉందంటే, అందులో పన్నెండు అంతస్తులు మెట్ల మీద ఎక్కి దిగొచ్చు. తర్వాత ఆవిడ వేలు మూత మీంచి తీసి మీట మీద పెట్టింది.

పియానో మోగింది. ఆయన సన్న తీగ మీటాడు. రెండు మోతలూ గాల్లో కలిశాయి, కలిసి ఊగడం మొదలెట్టాయి. వావ్, వావ్, వావ్, వావ్. పెరగడం, తగ్గడం. ఆ ఊపు ఆయనకి బాగా ఎరికే. పక్కపక్కన రెండు మోటార్లు ఒకే వేగంతో తిరక్కపోతే మెషిన్ రూములో ఇలాగే ఊగుతుంది. ఎంత తేడా ఉంటే అన్ని ఊపులు. చేతి గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాడు. పది సెకన్లకి ఇరవై. మళ్ళీ నొక్కమన్నాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై. అంటే సెకనుకి రెండు.

రెండు. ఆయన విలువ లేదని పక్కన పడేసిన రెండు.

ఏడాది పాఠాలు, పేజీ పేజీకీ సంతకాలు, అన్నీ తప్పు కొలత మీద. పోనీ చూడనట్టు నటించొచ్చు, పియానోనే రెండు తగ్గిందని మొండికెయ్యొచ్చు, కొలిచింది ఆయన ఒక్కడే. తోటి మెకానిక్కులు అంటుంటారు, తప్పు తనదని ఒప్పుకోవడం కన్నా లిఫ్టు కేబుల్ పళ్ళతో కొరకడం ఆయనకి తేలికని.

"పియానో సరిగ్గానే ఉందండి" అన్నాడు. "తప్పు నాదే. రెండు ఎక్కువ పెట్టాను."

టీచరమ్మ మీట మళ్ళీ నొక్కింది. ఆయన బిరడా తిప్పడం మొదలెట్టాడు, బ్రేకు సడలించినట్టు వెంట్రుకవాసి చొప్పున. ఊపు నెమ్మదించింది. సెకనుకి ఒకటి. తర్వాత ఇంకా బద్ధకంగా, నిద్రపోయే వాడి ఊపిరిలా. తర్వాత ఆగిపోయింది. మిగతా మూడు తీగల్నీ సన్న తీగని బట్టి దించుకున్నాడు, ఇరవై నాలుగు గంటలూ చేసే పనిలా చకచకా. డాక్టరు గడియారం చూశాడు. ఐదుంబావు. ఇన్సూరెన్సాయన ఈపాటికి ఇంట్లో బూట్లు తొడుక్కుంటూ ఉంటాడు.

మళ్ళీ మొదటి కాగితమే. బావమరిది నాలుగు లెక్కపెట్టాడు.

రెండో గడికే లిఫ్టాయనకి ఏదో తేడా కొట్టింది. తన మోత తనకి వినపడట్లేదు. ఏడాది పాటు గదిలో ఒంటరిగా విన్న ఆ మోత, ఇందాక నిమ్మకాయ పిండిన పాలలా విరిగిన ఆ మోత, ఇప్పుడు ఎక్కడా లేదు. వైరు ఊడిందనుకుని ఆంప్లిఫయరు కేసి చూశాడు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఆపేద్దామా అనుకున్నాడు. అప్పుడు పాదాల కింద నేల కొద్దిగా అదరడం తెలిసింది. అది తనే. పియానో మోత కిందకి పోయి ఎక్కడో కలిసిపోయాడు, అందుకే విడిగా వినపడట్లేదు. డాక్టరు నోరు తెరిచి పాడుతున్నాడు, దవడ పట్టుకోవట్లేదు. ఆయన వేళ్ళు నడుస్తూ పోయాయి.

పాట అయ్యాక టీచరమ్మ మెచ్చుకుంటుందని చూశారు ముగ్గురూ. ఆవిడ ఇంకో కాగితం తీసి పెట్టింది. చేత్తో రాసింది, సిరా ఇంకా కొత్తగా ఉంది. ఆ పాట ఎవరూ ఇప్పటిదాకా వాయించలేదట. డాక్టరు కంగారుపడ్డాడు. ఆ బ్యాండులో టీచరమ్మ తప్ప కాగితం చూసి చదివేవాడు లేడు మరి, అందరూ విని పట్టుకునే బాపతు. బదిలీ అయిపోయిన పెద్దాయన ఆరేళ్ళూ కాగితం తలకిందులుగా పెట్టుకుని వాయించాడని చెప్పుకుంటారు. ఈయనకేమో పుస్తకం తప్ప ఇంకో దారి తెలీదు. కళ్ళు చిట్లించి గడి గడీ చదువుకుంటూ పోయాడు. వీపు మీద చొక్కా అతుక్కుపోయింది. పన్నెండో గడిలో వేలు ఒక మెట్టు అవతల పడింది, మోత తప్పు పలికింది. టీచరమ్మ కళ్ళు ఇటు తిరిగాయి. ఈయన ఆగలేదు, వెనక్కి పోలేదు, పదమూడో గడిలో అందరితో పాటే దిగాడు.

అయిపోయింది. డ్రమ్ము మీద పళ్ళెం మోత కూడా ఆగిపోయింది.

"తప్పారు" అంది టీచరమ్మ.

"పన్నెండో గడిలోనండి" అన్నాడు.

ఆవిడ పెన్సిల్ తీసి పన్నెండో గడి మీద చిన్న గుర్తు పెట్టింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, ఆఫీసు గదిలో ఫోనుంది, ఆ ఇన్సూరెన్సాయనకి చేసి శ్రమ పడి రావద్దని చెప్పమంది. డాక్టరు గబగబా వెళ్ళాడు, ఆవిడ మనసు మారేలోపే నంబరు తిప్పాలన్నట్టు.

లిఫ్టాయనకి అర్థం కాలేదు. ఫోన్ దేనికి, ఎవరికి, ఏం తేలింది. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని పియానో దగ్గరికి వచ్చి, తీసుకున్నట్టా లేదా, నాకు ఇవాళే తేలాలి, ముప్ఫయ్యో తారీఖు మాట ఒకటుందని నిలదీసింది. టీచరమ్మకి ఆ ముప్ఫయ్యో తారీఖేంటో తెలీదు, అడగనూ లేదు. గోడకి పేర్చిన కుర్చీల్లోంచి పాతదొకటి లాగి డ్రమ్ము పక్కన వేసింది.

"ఎడమవైపుకి వాలకండి" అంది లిఫ్టాయనతో. "ఆ కాలు వదులు. పెద్దాయన ఎప్పుడూ కుడివైపుకే వాలి కూర్చునేవాడు."

బావమరిది కర్రలు రెండూ ఒళ్ళో పడేసుకుని, కుర్చీ సంగతి చెప్పిందంటే అయిపోయినట్టే అక్కా అని గుసగుసలాడాడు. ఆవిడ ఇంకా నమ్మలేదు. కుర్చీ కాలు పట్టుకుని ఒకసారి కదిపి చూసింది, నిజంగానే వదులుగా ఉంది. అప్పుడు నమ్మింది. మొగుడి కేసి చూసి, మంగళవారం నా మిషను కూడా చూడండి, ఇక అదెలాగూ బాల్కనీలోనే, చెమ్మకి బెల్టు జారుతోందని చెప్పి, పుస్తకం ఆయనకి ఇవ్వకుండానే గుమ్మం మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆయన కూర్చున్నాడు. కుడివైపుకి వాలాడు. టీచరమ్మ కొత్త కాగితం మొదటికి తిప్పింది, బావమరిది కర్రలెత్తాడు, పన్నెండో గడి మీద పెన్సిల్ గుర్తు దగ్గరికి రావడానికి ఇంకా పదకొండు గడులున్నాయి.